పిలిస్తే వచ్చే ఈటె

మళ్ళీ వచ్చావేంటమ్మా అన్నట్టు అలా చూడకండి సార్. నాకేమైనా సరదానా? కుట్టాల్సిన బట్టలు మిషను మీద కుప్పగా పడున్నాయి. ఆయుధాలు వాపసు తీసుకునే ఆఫీసరు మీరే కాబట్టి ఈ ఈటెను మీకే అప్పజెబుతున్నాను, ఇది మూడోసారి. మొన్న మీ చేతులతోనే ఆ ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. నేనింకా వీధి మలుపు తిరగలేదు, వచ్చి నా చేతిలో పడింది. మీ కిటికీ అద్దం పగిలింది దీనివల్లే, నేను రాయి వేసి కాదు.

దొంగతనం అంటారా? దొంగిలించినదాన్ని తిరిగి తెచ్చి, మీ బల్ల మీద పెట్టి, మీ చేత తిట్లు తినే దొంగ ఎక్కడైనా ఉంటుందా?

పోనీ పైకి కబురు పెట్టండి. గాలిదేవుడు ఉండేది మీ పై అంతస్తులోనే కదా. ఆయన ఎవరినీ కలవరా? మరి వరమిచ్చేటప్పుడు మా గుమ్మం దాకా ఎలా వచ్చారండీ? మా అన్నయ్య ఇటుకలు పేర్చుకునే మనిషి. తాపీ పట్టిన చేతికి ఈటె ఇచ్చి రాక్షసుల మీదకి పొమ్మన్నారు. విసిరితే శత్రువుని పొడిచి, తిరిగి తన మనిషి చేతికే వస్తుందన్నారు.

వచ్చిందా? ఉత్తరపు గేటు దగ్గర అన్నయ్య విసిరాడు. తగలాల్సినవాడికి తగిలింది. ఇదిగో వస్తుంది, ఇదిగో వస్తుంది అని చెయ్యి చాపుకుని నిలబడ్డాడండీ. రెండో రాక్షసుడు చాపిన ఆ చేతినే నరికాడు.

ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటాడు. అన్నం ముట్టడు. 'లోపల్లోపల భయపడ్డాను చెల్లీ, దానికి తెలిసిపోయింది, అందుకే వదిలేసింది' అంటాడు. రోజూ అదే మాట, వినలేక చస్తున్నాను. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఈటె చెడిపోయింది, పట్టినవాడి తప్పేం లేదు అని రాసి ముద్ర కొట్టండి. అది చూపించి నాలుగు ముద్దలు తినిపించుకుంటాను.

చెడిపోలేదా? పరీక్ష చేసి చూశారా?

నియమాలు తెలుసండీ. మీ గోడ మీద రాసే ఉన్నాయి. ఎవరి ఆయుధాన్ని వాళ్ళే తుడుచుకోవాలి. అన్నయ్య మొదటి రోజే చెప్పాడు. కానీ అరచేతులు బొబ్బలెక్కి, బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయే మనిషిని లేపి తుడుచుకోమంటానా? నా దగ్గర గుడ్డపీలికలకి కరువా? నాలుగేళ్ళు నేనే తుడిచాను. నెత్తురు కడిగి, నూనె రాసి, మూలన నిలబెట్టేదాన్ని. తుడిచిన చేతినే అది తన మనిషి చెయ్యి అనుకుంటుందని ఆ గోడ మీద ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయేది?

తెలియక చేశాననే చెబుదామనుకున్నాను సార్. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను.

పోయిన వానాకాలం మిషను దగ్గర కూర్చుని ఉన్నాను, కత్తెర అందలేదు. విసుగొచ్చి ఆ మూలకి చూసి 'నువ్వైనా రావే' అన్నాను, ఊరికే. వచ్చింది. అరచేతిలో వెచ్చగా ఒదిగింది. అప్పుడే అన్నయ్యకి చెప్పాల్సింది. చెప్పలేదు. మర్నాడు మళ్ళీ పిలిచాను. ఎవరు పిలిచినా పరిగెత్తడమే నా పని ఆ ఇంట్లో. నేను పిలిస్తే వచ్చింది అదొక్కటే.

ఆ తర్వాత రెండుసార్లు అన్నయ్య చేతికి ఆలస్యంగా వచ్చిందట. ఎదురుగాలి అనుకున్నాడు. నేను నోరు మెదపలేదు.

ఆ రోజు ఉల్లిపాయలు తరుగుతున్నాను. నెత్తుటితో కిటికీలోంచి వచ్చి నా చేతిలో పడింది. నేను పిలవలేదు సార్. కానీ ఏం చేశానో తెలుసా? గుడ్డ తెచ్చి తుడిచాను. అన్నయ్య అక్కడ చెయ్యి చాపుకుని నిలబడి ఉంటే, నేనిక్కడ శుభ్రంగా తుడిచి, నూనె రాసి, మూలన పెట్టాను.

ఆ వాపసు కాగితం తీయండి. ఆయుధం ఎవరిది అన్నచోట నా పేరే రాసుకోండి, ముద్ర కొట్టండి. అన్నయ్యకి అదే చూపిస్తాను. తను పిరికివాడు కాదని తెలుస్తుంది.

ఆ తర్వాత అన్నం తినొచ్చు. నా చేతి అన్నం తింటాడా లేదా అన్నది మాత్రం మీరు రాసివ్వలేరు కదా.