చెట్టు తరఫున జవాబు

పరుగెత్తకండర్రా, ఆగండి. ఏటేటా ఇదే వరస. నా గుమ్మం ముందునుంచే పోతారు, నా చెట్టు పక్కనుంచే పోతారు, పోయి పోయి ఆ కంచె అవతలి ఇంట్లో తేలతారు. ఏం, నా ఇంట్లో పొయ్యి వెలగదా? మంచు బూట్లు గడప దగ్గర విడిచి లోపలికి రండి. ఇంకా దగ్గరికి. మినోరీ, ఆ కర్ర మూలన పెట్టు తల్లీ. లోపల కొట్టడానికి చెట్టు లేదు, నేనే ఉన్నాను. కూర్చోండి.

తొందరేమీ లేదు. కొత్త ఏడాది పెద్ద పండగ అయిన పదిహేనో రోజు, ఇవాళ చిన్న పండగ. ఎర్ర గింజల జావ తిన్నాకే కదా ఈ ఏడు బాగా కాయమని చెట్లను బెదిరించడానికి బయల్దేరేది? మీ ఇళ్ళలో జావ ఇంకా ఉడుకుతూనే ఉంది. మరి ఖాళీ కడుపులతో ఇప్పుడే అక్కడికెందుకు? చెప్పొద్దులే, నాకు తెలుసు. మత్సుయో బామ్మ అక్రోటు పిండిలో దొర్లించిన ముద్దలు పెడుతుంది. ముందు వెళ్ళినవాళ్ళకి రెండేసి.

నేనూ పెట్టేదాన్నే. నా దగ్గర ముల్లంగి ఊరగాయ ఉంది, పెట్టనా? చూశారా, ఒక్కళ్ళ మొహమూ వెలగలేదు.

ఎవరో అసూయ అన్నారు, ఎవరది? నువ్వా తైషీ? నువ్వు అనకపోతే మీ అమ్మ అని ఉంటుంది. అసూయ కాదు నాయనా. న్యాయం అడుగుతున్నాను. మొత్తం వినండి, విన్నాక మీరే తీర్పు చెప్పండి.

వారానికోసారి మన ఊరొచ్చే కుర్ర డాక్టరు ఉన్నాడే, ఆయన నన్నూ మా తోడికోడలు మత్సుయోనీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాడు. ఇద్దరికీ రక్తపోటే. ఉప్పు తగ్గించండి, రోజూ గుప్పెడు అక్రోటు పప్పు తినండి, గుప్పెడు నల్లటి చిరుపళ్ళు తినండి అన్నాడు. మంచినీళ్ళు తాగమన్నంత తేలిగ్గా అన్నాడు. అప్పుడు మత్సుయో ఏమందో తెలుసా? "అవి మా పెరట్లోవే కదా డాక్టరుగారూ" అంది. గొప్పకు కాదు. గొప్పకు అని ఉంటే నేనూ ఒకటి తగిలించేదాన్ని. మామూలుగా అంది. అదే మండింది నాకు.

సరే, కొనుక్కుందాం అని బస్సెక్కి పట్నం వెళ్ళాను. స్టేషను పక్క పెద్ద కొట్టులో అరచేయంత సంచి, అందులో సముద్రం దాటొచ్చిన అక్రోటు పప్పు. ధర చూసి, ఓడ ఖర్చు మొత్తం నా ఒక్కదాని మీదే వేశారా అమ్మా అని అడిగాను. కొట్టు పిల్ల పాపం నవ్వింది. ఆ పక్కన గాజులాంటి పెట్టెలో బ్లూబెర్రీలు, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు వరసగా సర్ది ఉన్నాయి. ముట్టుకోవాలంటే భయమేసింది. అలా రోజూ తినాలంటే మధ్యాహ్నం చేప మానెయ్యాలి, రాత్రి అన్నం మానెయ్యాలి. ఆరోగ్యం కోసం ఆకలితో ఉండాలన్నమాట. అయినా ఒక సంచి పప్పు తెచ్చాను. ఇంటికొచ్చి నోట్లో వేసుకుంటే పాత నూనె వాసన.

డబ్బు పెట్టకుండా దొరికేవి లేవా, వాగు ఒడ్డున అడవి అక్రోట్లు ఉన్నాయిగా అంటారు మీరు. ఉన్నాయి. నేనూ వెళ్ళాను. నాకంటే ముందు ఎలుగుబంటి వెళ్ళింది. అది వదిలేసినవి ఏరి తెచ్చి, పైతొక్క కుళ్ళే దాకా మట్టిలో పాతి, కడిగి, ఎండబెట్టి, సుత్తితో కొడితే సుత్తి ఎగిరిపడుతుంది తప్ప కాయ పగలదు. పగిలినదాన్ని సూదితో గీకితే చెవిలో గుబిలంత పప్పు. తొక్కల మరక మాత్రం పెద్ద పండగ దాకా నా చేతుల మీదే ఉంది. గుళ్ళో అందరూ నా చేతులే చూశారు. ఆవిడ చేతులు తెల్లగా ఉన్నాయి.

ఇంక పళ్ళ సంగతి. కొండవాలు మీద మల్బరీ తోట ఉంది చూడండి, వెనకటికి మన ఇళ్ళలో పట్టుపురుగులు పెంచే రోజుల్లోది. పురుగులు పోయాయి, చెట్లు మిగిలాయి. ఆకు కోసేవాళ్ళు లేక ఏపుగా పెరిగి వానాకాలం ముందు నల్లగా విరగకాస్తాయి. ఇళ్ళు వేరుపడ్డప్పుడు ఆ తోట చిన్నకొడుకు వాటాకి, అంటే మత్సుయో వాళ్ళకి పోయింది. అడిగితే కోసుకోనిస్తుంది. అడగాలి కదా మరి.

అడగలేదు. దారిలోకి వంగిన కొమ్మ ఒకటుంది. దారి అందరిదీ కదా, దారి మీది కొమ్మా అందరిదే అని పొద్దున్నే నడకకి వెళ్ళినట్టు వెళ్ళి అందినన్ని తినేదాన్ని. ఎంత తీపో. తర్వాత తెలిసింది, బండికి అడ్డమొస్తోంది కొట్టేద్దామని మా మరిది తొకుజి అంటే, ఉండనీండి, అక్క అటే నడుస్తుంది అందట ఆవిడ. ఆ మాట విన్న రోజునుంచీ ఆ పళ్ళు పుల్లగా ఉన్నాయి.

నవ్వకండి. ఒక చిన్న కథ చెప్తాను వినండి, బుద్ధొస్తుంది. వెనకటికి రెండు ఉడుతలు ఉండేవట. ఒకటి శరత్కాలమంతా కాయలు ఏరి దాచుకుంటోంది. రెండోది కొమ్మ మీద కూర్చుని, అదిగో ఇంకోటి దాచింది, అదిగో ఇంకోటి అని దాని కాయలు లెక్కపెడుతోంది. మంచు పడింది. మొదటిదానికి తన కాయలు ఎక్కడ పెట్టిందో గుర్తులేదు. రెండోదానికి అన్నీ గుర్తున్నాయి, కానీ ఒక్కటీ తనది కాదు. అదీ కథ. ఇందులో నీతి ఏమిటంటే...

ఎందుకే మినోరీ అలా చూస్తావు? ఆ రెండో ఉడుత ఎవరైతే నీకేం? కథ కథలాగా వినాలి.

అసలు నాకు మాత్రం చెట్టు లేదా? కిటికీలోంచి చూడండి, మంచు మోస్తూ ఎలా నిలబడిందో. మా మామగారు ఇళ్ళు పంచిన రోజున ఒకే మొక్కనుంచి అంటుకట్టిన రెండు అక్రోటు మొక్కలు తెచ్చి, కంచెకి ఇటొకటి అటొకటి నాటారు. పెద్దకొడుకుకొకటి, చిన్నకొడుకుకొకటి. తేడా రాకూడదని. తేడా రాలేదు చాలా ఏళ్ళు. ఎందుకంటే చిన్న పండగనాడు నేను గొడ్డలి పట్టుకునేదాన్ని, మా ఆయన చెట్టు వెనకాల నిలబడేవాడు.

మీరు ఆ ఇంట్లో చేసేదే. కానీ మేము చేసినట్టు మీకు రాదు. నేను మొదలు మీద చిన్న గాటు పెట్టి అడిగేదాన్ని, "కాస్తావా, కాయవా? కాయకపోతే నరికేస్తా." చెట్టు వెనకనుంచి ఆయన బొంగురు గొంతు పెట్టి, "కాస్తాను, కాస్తాను" అనేవాడు. అప్పుడు గాటుకి జావ పూసేవాళ్ళం. కానీ చేతిలో గొడ్డలి ఉండగా ఆడదాన్ని అంతటితో ఊరుకుంటానా? ఇంటికప్పు బాగుచేయిస్తావా లేదా అనేదాన్ని. చేయిస్తాను, చేయిస్తాను. తాగుడు తగ్గిస్తావా? తగ్గిస్తాను, తగ్గిస్తాను. మా అక్క ఊరికి తీసుకెళ్తావా? దానికి మాత్రం చెట్టు కాసేపు ఆలోచించేది.

కప్పు బాగుచేయించాడు. తాగుడు తగ్గించలేదు. చెట్టు మాత్రం ఏడాది తప్పకుండా కాసింది.

ఆయన పోయాక కాయలేదు. ఒక్క కాయ కాయలేదు. మొదటి ఏడు నేనే గొడ్డలితో అడిగి, నేనే మంచులో చుట్టూ తిరిగి వెనక్కి పరుగెత్తి, కాస్తాను కాస్తాను అన్నాను. తనని తను బెదిరించుకునే మనిషికి ఏ చెట్టు భయపడుతుంది చెప్పండి? మరుసటేడు కూడా అంతే. పూత మీద మంచు పడింది, అందుకని కాయలేదు అంటారు సహకార సంఘం వాళ్ళు. పడింది, నేనెప్పుడు కాదన్నాను? మరి ఆ మంచు కంచె దాటి ఆ పక్క దిగలేదేం? ఆవిడ చెట్టు కొమ్మలు విరిగేలా కాసింది. గోనెసంచులు వాకిట్లో నిలబెట్టింది. సగం సంచి తెచ్చి నా తలుపుకి తగిలించి పోయింది. నేను తీసుకెళ్ళి ఆవిడ తలుపుకి తగిలించి వచ్చాను. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ ఇచ్చాను. ఆ సంచికే మా ఇద్దరికంటే ఎక్కువ నడకైంది.

ఇప్పుడు చెక్కల వ్యాపారి తిరుగుతున్నాడు. అక్రోటు చెక్క మంచి ధర పలుకుతుందట, మంచు కరగ్గానే వచ్చి కోసుకెళ్తానన్నాడు. ఈసారి చెట్టు మాట ఇవ్వకపోతే సరే అంటానని చెప్పాను. ఆయన లేడు, కాయలు లేవు, ఇంక నీడ ఎవరికోసం? అందుకే మిమ్మల్ని ఆపాను ఇవాళ. ఇవాళే కదా అడగాల్సింది.

నువ్వు జవాబు చెప్తావా తైషీ? మంచివాడివే. కానీ నీ పిట్టగొంతు వింటే చెట్టు నవ్వుతుంది నాన్నా. మొగ్గలు రాలిపోతాయి.

ఎవరిని పిలవాలి? ఏమన్నావు మినోరీ, తొకుజి తాతనా?

ఆ మాట మత్సుయో కూడా అంది. పోయిన చిన్న పండగకి, సరిగ్గా ఆ గడప దగ్గర నిలబడి. "అక్కా, ఆయన్ని పంపనా? నీ చెట్టు వెనకాల నిలబడి ఒక్క మాట అని వచ్చేస్తాడు" అంది. నేను ఏమన్నానో తెలుసా? "మొగుణ్ణి అప్పివ్వగలిగినంత కలిగిన ఇల్లా మీది?" అన్నాను. అని తలుపేశాను. వచ్చిన దారినే ఆవిడ వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఆ మంచితనం కూడా ఆవిడ పెరట్లోనే కాయాలా?

మీకొకటి చెప్తాను. ఇంటికెళ్ళి చెప్పొద్దంటే చెప్తారు, కాబట్టి చెప్పొద్దని అనను. ఆయన పోయాక ఏటా ఈ రోజున నేను కంచె పక్కన మంచు ఊడుస్తాను. అక్కడ ఊడ్చడానికి ఏమీ ఉండదు. తొకుజి తాత మామూలుగా మాట్లాడితే మామూలు ముసలాడే. కానీ చెట్టు వెనక్కి వెళ్ళి గొంతు బొంగురు చేసి కాస్తాను, కాస్తాను అన్నాడంటే... ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు కదా. ఆ మాట ఇద్దరికీ నేర్పింది వాళ్ళ నాన్నే. అచ్చం మా ఆయనే. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోతాను.

అక్రోటు పప్పు కాదర్రా నేను కుళ్ళుకునేది. పప్పు లేకపోతే సోయా గింజలు తిని బతుకుతాను. ఆ గొంతు పొద్దున్నే ఆవిణ్ణి టీ అడుగుతుంది. బయట మంచు పడుతోందని చెబుతుంది. చేతికర్ర ఎక్కడ పెట్టావని విసుక్కుంటుంది. రోజూ. డాక్టరు చెప్పినట్టు రోజూ, గుప్పెళ్ళకొద్దీ. ఆవిడకి దాని ఖరీదు తెలుసా అంటే, ఊరికే అరుస్తాడక్కా, చెవులు పోతున్నాయి అంటుంది.

పిలవను. ఆ మాట అన్న నోటితో పిలవలేను.

అలా మొహాలు వేలాడేయకండి. ఒక పని చేస్తారా? నేను పిలవమన్నానని కాదు, రమ్మన్నాననీ కాదు. తిన్నాక మీరంతా అక్కడికే పోతారుగా. వెళ్ళినప్పుడు తొకుజి తాతతో ఒక మాట అనండి. పక్కింటి చెట్టుకి వయసు మీదపడి చెవుడొచ్చింది, మీ చెట్టు చెప్పే జవాబు కాస్త గట్టిగా చెప్పమనండి. ఎవరు చెప్పమన్నారని అడిగితే చెట్టే అనండి.

మీరు అక్కడ కర్రతో కొట్టి అడిగేటప్పుడు నేనిక్కడ గొడ్డలితో నా చెట్టు ముందు ఉంటాను. మీరు అడిగినప్పుడే నేనూ అడుగుతాను. జవాబు ఏ చెట్టు చెప్పిందో గాలికేం తెలుసు, నా చెట్టుకేం తెలుసు? మత్సుయోకి తెలుస్తుందంటావా? తెలుస్తుంది. తెలియనీ. ఆవిడ సొమ్ము ఏం తరిగిపోదు.

లేవండి ఇంక. జావ చల్లారితే పైన మీగడ కట్టి నోటికి అంటుకుంటుంది. ఇళ్ళకి పోయి వేడివేడిగా కడుపునిండా తినండి. మినోరీ, కర్ర మర్చిపోకు. ఆ ఇంట్లో ముద్దలు పెడితే వద్దనకండి, తినండి. ఏం చేస్తాం, బాగానే చేస్తుంది పాడు మనిషి.