దేముడి డ్యూటీ కోటు

నిమ్‌పురా రైల్వే క్వార్టర్సు, మధ్యాహ్నం. ట్రాక్‌మన్ దేముడు జ్వరంతో పోయి పదహారు రోజులు. జ్వరాల సర్వేకొచ్చిన కళ్యాణిని లోపలికి రానివ్వకుండా, అతని భార్య నీలవేణి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"కోటు నేదని సెప్పినాను కదా దీదీ. ఎన్నిసార్లడుగుతావు?"

"కోపం తెచ్చుకోకు వదినా. ఆ రోజు దేముడన్న కుందేలుని దేన్లో సుట్టి తెచ్చినాడు?"

"ఏ కుందేలు?"

"సాలువా ఊరి వైపు గూడ్స్ బండి కింద పడిన కుందేలు. గేంగులో అందరూ సెప్పినారు."

"సెప్తారు, ఆళ్ళకేటి! అవును, తెచ్చినాడు. వొండుకు తిన్నాం. నేనూ తిన్నాను, మా పిల్ల ఎన్నెలా తిన్నాది. మాకేటైంది? జబ్బు కుందేలైతే పట్టాల మీద గెంతుతాదా?"

"దానికేటీ అవదు వదినా. వైరస్ దాని ఒంట్లో సడీసప్పుడూ నేకుండా కాపురముంటాది. దాని రక్తం తాగిన పిడుదు మనల్ని కరిస్తే మనకెక్కుతాది. వొండితే వైరస్ సస్తాది గానీ, పిడుదు కరిస్తే సావదు."

"పిడుదులా? అవి ఆయన తీసీసినాడు. గోటితో టప్‌మని నొక్కి..."

"గోటితోనా?"

"మరేటి, కుక్కకి అలాగే కదా తీస్తాం?"

"అయ్యో వదినా! ఏలి మీద చిన్న గాటున్నా సాలు, ఆ రక్తం లోపలికెళ్ళిపోతాది."

"ట్రాక్ మీద పనిచేసీవోడి సేతికి గాట్లు నేకుండా ఉంటాయేటి?"

"అందుకే అడుగుతున్నాను. సచ్చిన కుందేలు ఒళ్ళు సల్లబడితే పిడుదులు దాన్నొదిలేస్తాయి. యెచ్చటి ఒళ్ళు ఎతుక్కుంటాయి. దొరక్కపోతే గుడ్డ మడతల్లో దూరి, తిండి నేకపోయినా రోజుల తరబడి బతుకుతాయి. ఆ కోటు కాల్సియ్యాల."

"కాలుస్తావా?"

"కాల్సాల, వదినా."

"మడిసిని కాల్సినారు కదా. సాల్లేదా?"

"అలా అనకు."

"ఆస్పత్రోళ్ళు మొహం కూడా సరిగ్గా సూణ్ణివ్వనేదు. ఆయన వాసన ఆ కోటులోనే మిగిలింది. గ్రీజు, బీడీ, సెమట. అదీ కాల్సీమంటే నాకేటి మిగుల్తాది దీదీ?"

"అంటే కోటుంది."

"ఉంది."

"ట్రంకులోనా? తాళం ఇయ్యి."

"ట్రంకులో నేదు."

"మరెక్కడ?"

"ఎన్నెల కప్పుకుంటాది. అది నేకపోతే పడుకోదు. ఆరేళ్ళ పిల్ల, ఏటి సెప్పమంటావు? నాన్న నా పక్కనే ఉన్నాడంటాది. ఒక్కోసారి నాకూ అలాగే అనిపిస్తాది. ఇంట్లో మేమిద్దరమే, ముగ్గురి ఊపిరి ఇనబడతాది."

"వదినా, పిల్లెక్కడ?"

"లోపల పడుకున్నాది."

"ఈ టైములోనా? జొరమా?"

"జొరం నేదు, ఏటీ నేదు! ఇప్పుడే సెయ్యేసి సూసినాను. భయపెట్టకు."

"ఠీక్ హై, భయపెట్టను. ఒక్కసారి సూసి ఎల్లిపోతాను."

"ఉండు. నీకో మాట సెప్తాను, నవ్వనని ఒట్టెయ్యి."

"నవ్వను. సెప్పు."

"ఆయన మమ్మల్నొదిలి ఎల్లనేదు దీదీ. నాకు రుజువు దొరికింది."

"ఏటి రుజువు?"

"ఆయనకి సెవి ఎనక నల్లటి పుట్టుమచ్చుండేది, కందిగింజంత. ఎన్నెలకి పుట్టినప్పుడు నేదు. మొన్న తల దువ్వుతుంటే సరిగ్గా అక్కడే కనపడ్డాది. ఏడుపాగలేదు నాకు. ముద్దెట్టుకున్నాను."

"వదినా... ఎంతుంది అది?"

"మొన్న ఆవగింజంతే. ఇయ్యాలకి ఆయనదానంత అయిపోనాది."