మలుపులో బోర్డు

హ్యూస్టన్‌లో రోడ్డు ప్రమాదాల కేసులు వాదించే బ్రాక్‌వెల్ లాయరు ఆఫీసు. ఆయన ప్రచారమంతా చూసుకునే గ్రేడీ గదిలోకి వెర్లీన్ అనే ఆవిడ చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంది. ఆవిడ కూతురు పోయి ఇంకా నెల కాలేదు.

“వెర్లీన్ గారూ, ఎన్నిసార్లు చెప్పాలి మీకు? దింపడం కుదరదు.”

“ఊళ్ళో ఉన్న మీ బోర్డులన్నీ దింపమన్నానా? ఆ మలుపులోది ఒక్కటే కదా అడిగాను. నా జొనెల్ పడి చచ్చిపోయిన చోట మీ లాయరు ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నాడు. ‘దెబ్బ తగిలిందా? వెంటనే ఫోన్ కొట్టు!’ అట. రోజూ పనికి ఆ దారినే పోవాలి నేను.”

“వేరే దారిన వెళ్ళండి.”

“ఏమన్నావ్?”

“అది కాదమ్మా... ఆ మలుపు మాకు బంగారం. ఊరు మొత్తంలో అక్కడే ఎక్కువ...”

“ఆగావేం? చెప్పు. అక్కడే ఎక్కువ గుద్దుకుంటాయని కదూ పెట్టారు?”

“జనం ఎక్కువ తిరుగుతారని.”

“అబద్ధం. నీ మొహమే చెప్తోంది.”

“సరే, అందుకే పెట్టాం! తప్పేముంది? జలుబు మందు ప్రకటన ఎండాకాలంలో వేస్తారా ఎవరైనా?”

“నా బిడ్డ చావు నీకు జలుబా?”

“మాటలు పట్టుకు లాగకండి. మీకు మంచి చేద్దామనే చూస్తున్నాను. కేసు మాకివ్వండి. ఒక్క సెంటు తీసుకోం. జొనెల్ ఫొటో పట్టుకుని కెమెరా ముందు రెండు ముక్కలు...”

“దాని ఫొటో కూడా అమ్ముకుంటావా? పాతిపెట్టే రోజున పూలు పంపి, మధ్యలో లాయరు కార్డు గుచ్చింది చాల్లేదూ?”

“మర్యాదకి పంపాం. గుద్దింది టైర్లు చేరవేసే బండి వాడు కదూ? వాడేమంటున్నాడు?”

“జైలుకెళ్ళి నేనే అడిగాను. ఫోన్లో మాట్లాడుతూ నడిపాడట. ఎర్రలైటు చూసుకోలేదు.”

“ఇంకేం! గెలిచినట్టే. అవతల మాట్లాడింది ఎవరు?”

“ఏదో ఆఫీసు. అంతకు ముందురోజు వాడి బండిని ఎవరో వెనకనించి గుద్దారట. నడుం నొప్పని వీడే వాళ్ళకి ఫోన్ చేశాడు. బండి నడుపుతున్నానని చెప్పాడట కూడా. ‘పర్లేదు, వివరాలన్నీ చెప్పేదాకా పెట్టేయకండి’ అందట అక్కడ ఫోనెత్తిన పిల్ల.”

“అబ్బ! తెలిసి తెలిసీ మాట్లాడించిందా? వాళ్ళనీ కోర్టుకీడ్వొచ్చు.”

“నిజంగా? ఈడ్వొచ్చా?”

“నాకొదిలేయండి. పేపర్లకెక్కిస్తాను, టీవీ వాళ్ళని తెచ్చి గుమ్మంలో నిలబెడతాను. ఆ ఆఫీసు మూతపడాల్సిందే. ఎవరు వాళ్ళు?”

“ఆ మలుపు ముందు బండ్లు ఆగిపోయి ఉన్నాయట. తలెత్తితే నంబరు కనిపించిందట. వెంటనే కొట్టాడట.”

“తలెత్తితే...”

“ఆఁ.”

“వెర్లీన్ గారూ, మంచినీళ్ళు... మంచినీళ్ళు తెప్పించనా?”

“అక్కర్లేదు.”

“ఈ సంగతి ఇంకెవరికైనా... సరే, సరే. బోర్డు దింపిస్తాను. ఇవాళే. ఇదిగో, ఇప్పుడే మనుషుల్ని పంపుతున్నాను.”

“అడగ్గానే ఆ మాట అనుంటే ఏడ్చుకుంటూ ఇంటికి పోయేదాన్ని. ఇప్పుడు దాని మీద చెయ్యి వెయ్యకు గ్రేడీ. మీ లాయరు అలా నవ్వుతూనే ఉండాలి. జ్యూరీ వచ్చి చూడాలి.”