సాయంత్రం గీసిన గీత

"మూడు నెలల్లో నీ ఎత్తు తగ్గలేదనుకో, బరువులెత్తే పోటీ కాగితం మీద నేనే సంతకం పెడతా." మీ తాత మా చెల్లెలికిచ్చిన మాటరా ఇది. కూర్చో. ఆ టేపు అలా పక్కన పెట్టు, పిల్ల బడి నుంచి రానీ. మీ అత్తని నువ్వు చూడలేదుగా, నువ్వు పుట్టకముందే పోయింది. ఆ, అచ్చం నీ కూతురే, అదే మొండితనం. పిండిమర కదా మాది, పద్నాలుగేళ్లకే గోధుమ బస్తా భుజానికెత్తుకుని గుమ్మం దాటేది. దానికెవరూ ఏమీ అనలేదు. వ్యాయామశాలలో ఇనుము పట్టుకుందని తెలిసిన రోజున మాత్రం ఇల్లంతా గగ్గోలు. "ఎదిగే ఎముక నొక్కుకుపోతుందే, గిడసబారిపోతావు" అని మా నాన్న. "బస్తా మోస్తే సాగుతుందా నాన్నా?" అని అది. నోరు కాదురా, తిరగలి! అక్కడ నేర్పే గుండు మాస్టారు ఇంటికొచ్చి మరీ చెప్పాడు, "పక్కన తెలిసిన మనిషి ఉండి, తేలిక బరువుతో పద్ధతిగా మొదలుపెడితే ఎదుగుదలకేమీ కాదండీ, అడ్డదిడ్డంగా ఎత్తితేనే దెబ్బ" అని. అప్పుడొచ్చింది నాన్న నోట ఆ మాట.

మర గది ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పెట్టి పెన్సిలుతో గీత గీసింది నేనే. పొద్దున్నే, మర తిప్పకముందు. ఇక మూడు నెలలూ ఇంట్లో ఊపిరాడితే ఒట్టు. అది అన్నం తింటున్నా నాన్న కళ్లు దాని నడినెత్తి మీదే. గడువు రోజున పొద్దున గిరాకీతో తీరలేదు. పగలంతా బస్తాలు మోసి, అటునుంచటే వెళ్లి ఇనుమెత్తి, దీపాలు పెట్టే వేళకొచ్చింది. "నిలబడు" అన్నాడు నాన్న. నిలబడింది. అట్ట పెట్టాను. పాత గీతకి గోరంత కింద పడింది. "చూశావా!" అన్నాడు, గెలిచినట్టు. దాని వెంటే వచ్చిన మాస్టారు మొత్తుకున్నాడు, "పగలంతా బరువు మోస్తే ఎవరి వెన్నయినా అణుగుతుందండీ, పడుకుని లేస్తే మళ్లీ సాగుతుంది, పొద్దున కొలవండి" అని. "సాకులు చెప్పకండి!" అంతే.

మర్నాడు మర గోడ మీద తడి పిండితో ఇంతింత అక్షరాలు: "మోసే చేతికే ఎత్తే హక్కు." ఎక్కడ చదివిందో! తుడవమని నాన్న నన్ను పంపాడు. వెళ్తే అది చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "అన్నయ్యా, ఒక్కసారి ఇప్పుడు కొలువు" అంది. కొలిచి గీత గీశాను. పాత గీత దాటిందిరా. నిజంగా దాటింది. "నాన్నకి చెప్తావుగా?" అంది. చెప్తానన్నాను. నాకప్పటికి ఇరవై రెండేళ్లు, మీసమైతే ఉంది... ఆ కొత్త గీతని బొటనవేలితో రుద్దేశాను. అది చూస్తూనే ఉంది. చూసి, వంగి బస్తా ఎత్తుకుంది. ఆ తర్వాత నాలుగేళ్లు బస్తాలే. ఒక్కరూ కొలవలేదు.

ఏం, అలా చూస్తావు? నువ్వూ మీ తాత షరతే పెట్టి, నీ కూతురి మొదటి గీత పొద్దున గీశావుగా? మరి ఇప్పుడు సాయంత్రం టేపు పట్టుకుని గుమ్మంలో కాపు కాస్తావేం? పిల్ల పోటీ కాగితం పంపడానికి గడువు ఇరవయ్యో తారీఖు. దాన్ని నిద్ర లేవగానే నిలబెట్టు, అట్ట నేను పట్టుకుంటా. సంతకం పెడతావో లేదో, దాని ముఖం చూసి చెప్పు. పంతొమ్మిదో తారీఖు, పొద్దున ఆరింటికి.