మీ తాత చేసిన పుస్తకాలు కుట్టే మిషను

"అవ్వా, పుస్తకాలు కుట్టే మిషను తాతనే కనిపెట్టినాడంట కదా?"

ఆ, కనిపెట్టినాడు. నా ప్రాణం తీసి కనిపెట్టినాడు. నా మాటలు ఫోనులో పట్టుకుంటాండావా? పట్టుకో.

మీ తాత ధర్మవరంలో పట్టుమగ్గాలు రిపేరు చేస్తాండె. పెండ్లయినాక పెనుకొండకు వచ్చేస్తిమి. నేనూ మా వీధి ఆడోళ్లూ హిందూపురం ప్రెస్సు నుంచి కాగితాలు తెచ్చుకోని, బడి పుస్తకాలు చేత్తో కుడ్తాంటిమి. దారం లాగిలాగి వేళ్లు కోసుకుపోతాండె. చారన్నం కలుపుకుంటే భగ్గుమనేది. ఒకదినం నేను స్పూనుతో తింటాంటే ఈయప్ప చూసినాడు. మందు తేవచ్చు కదా? పొద్దున లేచి చూస్తే మా అమ్మ కొనిచ్చిన టైలరింగు మిషను ముక్కలు ముక్కలుగా వసారాలో ఉండాది. నీ చేతులకు పని తగ్గిస్తానంటాడు. మరి నా జాకెట్లు ఎవరు కుట్టాల?

ఇంగ ఆడినుంచి చూడు. మగ్గం సామాన్లు, సైకిలు చైన్లు తెచ్చి ఇంట్లో పోసె. సూదులు ఇరిగేది, కాగితాలు చినిగేది. గిన్నె పెట్టుకునే తావు లేదు. మీ నాయన రెండో తరగతిలో, కాదు, మూడులో ఉన్నప్పుడు మొదలుపెడితే హైస్కూలుకు పోయేదాకా ఇదే గోల.

ఆఖరికి కుదిరె. కాలితో ఒకసారి తొక్కితే సూదులన్నీ కాగితాల మడతలో దిగి దారం వేసుకోని వచ్చేవి. దినమంతా కుట్టేది మధ్యాన్నానికే అయిపోతాండె.

ప్రెస్సు ఓనరు కారేసుకోని వచ్చినాడు. మోటారు పెట్టి పది మిషన్లు చేసిస్తే హిందూపురంలో ఇల్లు రాసిస్తానన్నాడు. ఈ ఆడోళ్లతో ఇంగ పనే ఉండదన్నాడు. ఆడోళ్లేమో గడప బయటే నిలబడి ఉండారు. పక్కింటి ఓబులమ్మ, మొగుడు పోయిన మనిషి, ఒక కూతుర్ని సాకాల, నా తట్టు చూసె.

మీ తాత అన్నాడు కదా, "ఇది మోటారుకు చేసింది కాదు సామీ, కాలికి చేసింది. ఈళ్లే తొక్కుతారు."

ఇల్లు పాపా, ఇల్లు! నన్నొక మాట అడగాల్నా వద్దా? ఓనరు కోపంతో కాగితాలు ఇచ్చేది నిలిపేసె. మీ తాత బస్సెక్కి, అప్పుడు చార్జీ పది రూపాయలు కూడా లేదులే, ధర్మవరంలో అంగడంగడీ తిరిగి లెక్కపుస్తకాలు కుట్టే ఆర్డర్లు తెచ్చినాడు. నేను మాట్లాడేది మానేస్తే, ఆయప్పకు అది తెలిసిందో లేదో, ఓబులమ్మకు ఇంకో మిషను చేస్తా కూర్చున్నాడు. పోనుపోను వీధిలో ఇంటింటికీ ఒకటి చేసిచ్చె. ఆ కుట్టుమీదనే ఓబులమ్మ కూతురు నర్సాయె.

మళ్ల జిగురుతో అంటించే మిషన్లు వచ్చె. మా కుట్టుపని పాయె. మీ తాతేమో కొత్త పుస్తకం కనపడితే చాలు, పేజీ లాగి చూసి, ఊడొస్తే మొగం మాడ్చుకునేది. ఎవురి పుస్తకమో ఏమో, పూర్తిగా చింపేసి మళ్లా కుట్టిచ్చేది. వాళ్లతో తిట్లు నేను తినేది.

ఆయప్ప పోయినప్పుడు ఆ ఆడోళ్లంతా వచ్చిరి. మగోళ్లు వద్దన్నా వినకుండా పాడె వెనకాల వంకలో శ్మశానం దాకా నడిచిరి. అప్పుడు కూడా నాకు కోపమే వచ్చె పాపా. నా మొగుడికి నాకంటే గట్టిగా ఈళ్లు ఏడుస్తాండారే అని.

సల్లగుండు తల్లీ. నీకు నెమ్మదైనోడు దొరకాల. లేకుంటే... మీ తాత మాదిరోడే దొరికినాడనుకో, ఏం చేస్తాం, వాడూ నువ్వూ నూరేండ్లు... ఆ నీళ్లచెంబు ఇట్లియ్యి.