మాట్లాడుతూ ఎక్కు

ఆఫీసులన్నీ మూసేసిన సాయంత్రం, ఎనిమిదంతస్తుల భవనం. అందులో లిఫ్ట్ నడిపే అక్క మెట్లెక్కుతోంది. ఒకప్పుడు అదే లిఫ్ట్ బాగుచేసిన మెకానిక్ తమ్ముడు ముందుగా లిఫ్టులో వెళ్లి, ఒక్కో అంతస్తులో దిగి ఆమె కోసం నిలబడుతున్నాడు.

“ఆగావేం?”

“ఆగలేదురా. చెప్పు సరిచేసుకుంటున్నా.”

“చెప్పు సరిచేసుకునేవాళ్లకి అంత ఆయాసం రాదక్కా.”

“పైన నిలబడ్డవాడివి, నా ఆయాసం నీకెలా వినపడుతోందిరా?”

“ఈ భవనం మొత్తానికీ వినపడుతోంది. మాట్లాడుతూ ఎక్కు. డాక్టరమ్మ ఏమంది? మాట్లాడగలుగుతున్నంతసేపూ ఎక్కొచ్చు. మాట రాకపోతే ఆగాలి.”

“ఏం మాట్లాడాలి? పొద్దున్నుంచీ ‘ఎన్నో అంతస్తండీ, ఎన్నో అంతస్తండీ’ అని వాగి వాగి నోరు పడిపోయింది.”

“అదే అడుగు. నేను మూడో అంతస్తు అంటా.”

“నీ మొహం. ఇది రెండోదేగా? అమ్మయ్య, వచ్చేశా. జరుగు, కూర్చోనీ.”

“కూర్చోకు. నిలబడే ఊపిరి తీసుకో. ముక్కుతో.”

“ముక్కుతో, నోటితో, చెవుల్తో, అన్నిట్లోంచీ తీసుకుంటున్నాలే. ఆ సీసా ఇటివ్వు.”

“ఇంద. నిదానంగా తాగు.”

“అబ్బ, ప్రాణం లేచొచ్చింది. నువ్వూ ఓ గుక్క తాగు.”

“వద్దు.”

“ఒక్క గుక్కరా. పెదాలు చూడు, ఎలా ఎండిపోయాయో.”

“ఇవాళ్టి వాటా అయిపోయిందక్కా. రేపు మళ్లీ డయాలసిస్ మిషన్ ఎక్కేదాకా లేదు. తాగిందంతా ఒంట్లోనే ఉండిపోతుంది. నీకు తెలుసుగా.”

“నీ ఎదురుగా నీళ్లు తాగాలంటే నాకు పాపం చేస్తున్నట్టుంటుంది.”

“నేను చూడట్లేదు. తాగు.”

“చూస్తున్నావ్. సీసా వంకే చూస్తున్నావ్. కొన్నాళ్లు ఓర్చుకో బక్కోడా. నా కిడ్నీ ఒకటి నీ ఒంట్లో పడనీ, బిందెలు బిందెలు తాగుదువుగాని.”

“సరే, పద.”

“పదేంటి పద? ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోనీ. రేపు నువ్వు మిషన్ మీద పడుకోగానే నేను పైకెళ్లి డాక్టరమ్మని కలుస్తా. పోయిన నెల కలిసినప్పుడు బరువు చూస్తానంది. ఇంకో మూడు కిలోలు తగ్గితే చాలట, ఇద్దరికీ ఆపరేషన్ తేదీ ఇచ్చేస్తుందట.”

“రేపొద్దులే.”

“ఏం?”

“ఆవిడ సెలవేమో.”

“ఏమో ఏంటి?”

“అబ్బ, ముందు ఎక్కక్కా. ఒళ్లు చల్లబడితే కాళ్లు బిగుసుకుపోతాయి. నేను మూడులో ఉంటా.”

“ఒరేయ్, అడిగినదానికి... పోయాడు. తలుపేసుకుని పోయాడు. ఒరేయ్, వినపడుతోందా?”

“వినపడుతోంది. వచ్చేశా పైకి. మాట్లాడు!”

“మాట్లాడతాలే, అరవకు. ఇవాళేమైందో తెలుసా? పొద్దున, సరిగ్గా ఆఫీసుల టైము. లిఫ్ట్ కిక్కిరిసిపోయింది. బరువెక్కువైందని బెల్లు మోగింది. ఎవరో ఒకరు దిగాలి కదా? ఒక్కరూ కదల్లేదు. అందరూ తిరిగి నా వైపే చూస్తారు. ఎప్పుడూ అంతే.”

“నువ్వు దిగిపోతే లిఫ్ట్ ఎవరు నడుపుతారు?”

“అదే గదా! ఒకాయనైతే మెల్లగా అననే అన్నాడు, ‘ఇద్దరు పట్టే చోటు ఈవిడకే పోతోంది’ అని. ఇదివరకైతే తల దించుకునేదాన్ని. ఇవాళేమన్నానో తెలుసా?”

“ఏమన్నావ్?”

“‘నేను తగ్గుతున్నా బాబూ, అప్పటిదాకా మీరు దిగండి’ అన్నా. ఒకటే నవ్వులు. పాపం, దిగిపోయాడు.”

“శభాష్. కమ్మీ పట్టుకో. పాదం మొత్తం మెట్టు మీద ఆనించు. మునివేళ్ల మీద ఎక్కితే మోకాళ్లు పోతాయి.”

“ఆనిస్తున్నా. మోకాళ్లు ఇవాళ అసలు గొడవ చెయ్యట్లేదు. మొదటిరోజు గుర్తుందా? కింద వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడవడానికే గోడ పట్టుకున్నా.”

“అంతకు ముందు నువ్వు చేసిన ఘనకార్యం కూడా గుర్తుంది.”

“అదెత్తకు.”

“ఎత్తుతా. డాక్టరమ్మ నెమ్మదిగా తగ్గమంటే, నువ్వు తిండి మొత్తం మానేసి నీళ్లు తాగి డ్యూటీకొచ్చావ్. కళ్లు తిరిగి బటన్ల మీద పడ్డావ్. అన్నీ ఒకేసారి నొక్కుకుపోయాయి. లిఫ్ట్ ప్రతి అంతస్తులోనూ ఆగడం, తలుపు తెరుచుకోవడం, బయటున్నవాళ్లకి నువ్వు పడి ఉండటం కనపడటం.”

“ఒకాయన నన్ను దాటుకుని లోపలికొచ్చి ‘ఆరో అంతస్తు’ అన్నాడట. ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.”

“నాకు నవ్వు రాదు. డాక్టరమ్మ తిట్టినప్పుడు నేనక్కడే ఉన్నా. ‘ఒళ్లు మాడ్చుకుని వచ్చే మనిషిని నేను కొయ్యను. తిని తగ్గాలి, నడిచి తగ్గాలి. వారానికి అరకిలో తగ్గినా నాకు సంతోషమే’ అంది.”

“తొందరగా అయిపోవాలనుకున్నానురా. నువ్వలా రోజురోజుకీ నల్లబడిపోతుంటే...”

“తెలుసక్కా.”

“నెమ్మదిగా తగ్గితేనే నిలుస్తుందని నాకేం తెలుసు? ఇప్పుడు బుద్ధిగా ఉంటున్నాగా. చిన్న పళ్లెం కొనుక్కున్నా. టీలో చక్కెర మానేశా, ఆ టీ తాగుతుంటే ఏడుపొస్తోందనుకో. జాకెట్లన్నీ వదులైపోయాయి. మా హాస్టల్ వార్డెనమ్మ నిన్న చాటుగా అడిగింది, ‘ఈ వయసులో పెళ్లిగానీ కుదిరిందా ఏంటి?’ అని.”

“ఏం చెప్పావ్?”

“కుదిరిందన్నా. నాక్కాదు, నా కిడ్నీకి. మా తమ్ముడింటికి కాపరానికి వెళ్తోందని చెప్పా.”

“మెట్టు చూసుకుని ఎక్కు.”

“ఏం, నవ్వలేదేం?”

“నవ్వాగా.”

“నాకు వినపడలేదే. ఇదిగో, మూడు. వచ్చేశా. ఇవాళ్టికి చాలు. వారానికి ఒక్కో అంతస్తే పెంచమందిగా డాక్టరమ్మ.”

“నాలుగెక్కు.”

“వచ్చే వారం ఎక్కుతాలే.”

“ఇవాళే ఎక్కక్కా. ఒక్కటే కదా.”

“ఏరా, నెమ్మది నెమ్మది అని నా ప్రాణం తోడేసింది నువ్వే. ఇప్పుడేంటీ తొందర?”

“ఎక్కగలవు. చూడు, అంత ఆయాసం కూడా లేదు. నాలుగు కూడా ఎక్కేస్తే ఇంక నాకు... ఎక్కు, నేను పైకెళ్తున్నా.”

“ఆగు. తలుపెందుకలా పట్టుకున్నావ్? ఒరేయ్, కాళ్లు వణుకుతున్నాయేంటి?”

“లిఫ్ట్ ఊగుతోంది.”

“పదహారేళ్లుగా ఆ లిఫ్టులో నా బతుకంతా గడిచింది. అది ఊగితే నాకు తెలీదా? రా. ఇలా వచ్చి నా పక్కన కూర్చో. రా అంటుంటే!”

“ఎడమ చెయ్యి పట్టుకోకు. సూదులేసే చెయ్యి.”

“పాదాలు చూడు, చెప్పుల్లో పట్టట్లేదు. మిషన్ ఎక్కొచ్చినా వాపు తగ్గట్లేదా?”

“తగ్గుతుంది.”

“ఏం తగ్గుతుంది, నా తలకాయ. రేపు డాక్టరమ్మనే అడుగుతా.”

“రేపు రావద్దన్నానా! ఆవిడ సెలవు.”

“సెలవు లేదు.”

“నీకెవరు చెప్పారు?”

“పొద్దున ఆసుపత్రికి ఫోన్ చేశా. ఎవరో అమ్మాయి తీసింది. డాక్టరమ్మ రేపు ఉంటుందంది. మీరెవరికి ఇస్తున్నారని అడిగింది. మా తమ్ముడికి అన్నా, నీ పేరు చెప్పా. ఒక్క నిమిషం అని వెళ్లింది. చాలాసేపటికి తిరిగొచ్చి, ‘మీ తమ్ముణ్ణే అడగండమ్మా’ అంది. ఎంత మెత్తగా అందో. అందుకే అడుగుతున్నా. చెప్పు.”

“నాలుగెక్కాక చెప్తా.”

“ఇప్పుడే చెప్పు. లేకపోతే ఈ మెట్టు మీంచి నేను లేవను. నన్ను లేపడం నీ వల్ల కాదు, నీ లాంటివాళ్లు నలుగురొచ్చినా కాదు.”

“నవ్విస్తావేంటక్కా.”

“నేను నవ్వట్లేదురా.”

“ఆపరేషన్ లేదు.”

“వాయిదా వేశారా?”

“లేదు. ఇంక లేదు. గుండె చూశారు. అది పనిచెయ్యాల్సినంత పనిచెయ్యట్లేదట. మత్తిస్తే బల్ల మీంచి లేవనన్నారు. నీదనే కాదు, ఎవరి కిడ్నీ తెచ్చినా పెట్టరట.”

“మందులేవో ఇస్తే...”

“ఇస్తున్నారు.”

“ఇంకో ఆసుపత్రిలో...”

“రెండు చోట్ల చూపించుకున్నా. అందరిదీ అదే మాట.”

“ఎన్నాళ్లన్నారు?”

“అది నేనడగలేదు.”

“అడిగావ్. నాకు తెలీదా నీ మొహం? అడిగావ్.”

“ఈ చలికాలం దాటితే గొప్పే అన్నారు.”

“ఎప్పుడు చెప్పారు నీకీ మాట?”

“నువ్వు మొదటిసారి ఒక అంతస్తు ఎక్కావు చూడు, నేను చప్పట్లు కొట్టా. దానికి ముందురోజు. అక్కా? అక్కా, మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడు. పోనీ తిట్టు.”

“ఇన్నాళ్లూ నన్ను మాయచేసి ఎక్కించావా? ఒక్కో మెట్టుకీ ‘ఇది మా బక్కోడికి, ఇది మా బక్కోడికి’ అనుకుంటూ ఎక్కానురా! పిచ్చిదాన్ని చేశావు కదరా నన్ను!”

“చెప్తే ఆపేసేదానివి.”

“ఆపేసేదాన్నే! ఎవరికోసం తగ్గాలింక? ఈ ఒళ్లెలా పోతే నాకేం?”

“అదిగో. ఆ మాటే అంటావని చెప్పలేదు.”

“నా ఆరోగ్యం కోసమని నీతులు చెప్పావంటే చంపేస్తా. పోతున్నవాడివి నువ్వు. నేను నూరేళ్లు బతకాలని మెట్లెక్కిస్తున్నావా?”

“నీ కోసం కాదక్కా. అంత మంచివాణ్ణి కాను నేను.”

“మరి?”

“మా పాప కోసం.”

“పాపకేం? నేను చచ్చానా? వాళ్లమ్మ పోయినప్పుడే చెప్పానుగా, అది నా బిడ్డని. నా దగ్గర పెట్టుకుంటా.”

“హాస్టల్లో పిల్లల్ని రానిస్తారా?”

“హాస్టల్ మానేస్తా. ఎక్కడో ఓ గది చూసుకుంటా.”

“దానికి ఇల్లుందక్కా. నేను దానికి మిగల్చగలిగింది ఆ ఇల్లొక్కటే. దాని బడి ఎదురుగానే, స్నేహితులు కింద వాటాలోనే. దాన్ని అక్కణ్ణుంచి లేపకు.”

“సరే, లేపను. నేనే వచ్చి అక్కడుంటా. చాలా?”

“ఎప్పుడైనా వచ్చావా మా ఇంటికి?”

“ఏంటిరా ఆ మాట? ప్రతి ఆదివారం రావట్లేదా?”

“గేటు దాకా వస్తావ్. కింద నిలబడి పిలుస్తావ్. అది పరిగెత్తుకుంటూ దిగొస్తుంది. ‘పైకి రా అత్తా, నా బొమ్మలు చూపిస్తా’ అని చెయ్యి పట్టుకుని లాగుతుంది. ఇంకోసారి వస్తాలే అంటావ్. ఇల్లు కొన్నప్పట్నుంచీ ఇంకోసారే.”

“అక్కడ లిఫ్ట్ లేదు కదరా. అన్ని మెట్లు నేనెలా... అది సరే, ఈ గుండెతో నువ్వెలా ఎక్కుతున్నావ్?”

“కూర్చుని, లేచి, కూర్చుని. పాప నా సంచి మోస్తూ వెనకాలే వస్తుంది. ఎక్కడ పడిపోతానోనని నా చొక్కా పట్టుకుంటుంది. ఇంక ఎన్నోసార్లు ఎక్కలేనక్కా. ఏదో ఒకరోజు ఎక్కినవాణ్ణి మళ్లీ దిగను.”

“ఊరుకో.”

“వాళ్లమ్మ పోయిన రోజు నువ్వెక్కడున్నావో గుర్తుందా?”

“ఊరుకోరా.”

“గేటు దగ్గర కుర్చీ వేశారు నీకు. వాళ్లమ్మని కిందికి దించేదాకా అక్కడే కూర్చుని ఏడ్చావ్. నేను తప్పు పట్టట్లేదు. అప్పుడు నీ మోకాళ్లకి అది కాని పనే. కానీ ఆ రోజు పాప పైన ఎవరి ఒళ్లో ఉందో తెలుసా? ఎవరి ఒళ్లోనూ లేదు. నేను కాగితాలంటూ, బండి అంటూ తిరుగుతున్నా. అది తలుపు వెనకాల నిలబడి ‘అత్త రాలేదా, అత్త రాలేదా’ అని వచ్చినవాళ్లందర్నీ అడిగిందట.”

“నాకెవరూ చెప్పలేదురా. నా తల్లే. నాకెవరూ చెప్పలేదు.”

“ఇప్పుడు చెప్తున్నాగా. మాది నాలుగో అంతస్తక్కా. ఈసారి నా కబురొచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడి దాన్ని పిలవకు. నన్నొక్కణ్ణి వదిలేసి అది కిందికి రాదు.”