సోమవారం వచ్చిన ఫోను

"కూర్చోనండీ, కూర్చుంటే మళ్లీ లేవలేను. అదొక్కటి చూసి చెప్పండి చాలు."

శుక్రవారం మధ్యాహ్నం, మూడు కావడానికి ఇంకా పది నిమిషాలు. ఆస్పత్రి వంటింట్లో పొద్దుటి షిఫ్టు దిగి, ఏప్రన్ కూడా విప్పకుండా, కూతురు అయిదో తరగతి చదువుతున్న బడికి వచ్చి నిలబడింది షెరెల్. బల్లకి అవతల మిస్ ఎర్లీన్. పిల్లల ఇళ్లవాళ్లతో మాట్లాడే పని ఆవిడది, ముప్ఫై ఏళ్లుగా ఈ బడిలోనే.

"ఏం చూడమంటావు తల్లీ?"

"లాటరీ. ఇంకేముంటుంది? ఆరో తరగతికి నది ఒడ్డు సైన్సు బడి సీట్లు చీటీలు తీసి ఇస్తారుగా, అదే. నాతో గిన్నెలు తోమే మార్లిస్ లేదూ, ఊరికి అటుచివర ఉంటుంది, వాళ్లమ్మాయికి వచ్చేసిందట. సోమవారమే ఫోను చేశారట. ఇవాళ శుక్రవారం. మాకు రాలేదు. అంటే రానట్టేగా? రానట్టే. నాకు తెలుసు. అయినా మీ నోటితో వింటే..."

"ముందు కాస్త మంచినీళ్లు తాగు."

"చూశారా! మంచినీళ్లంటున్నారంటే రాలేదన్నమాట. డాక్టర్లూ ఇంతే. ముందు కుర్చీ చూపిస్తారు, తర్వాత మంచినీళ్లు, ఆ తర్వాత అసలు కబురు."

"నీ నోట ఒక్క మంచి మాట రాదేమే పిల్లా? ఇక్కడ చదివేటప్పుడూ ఇంతే. వాన పడితే చాలు, కప్పు కూలుతుందని బల్ల కింద దూరేదానివి."

"కూలింది కదా, సంగీతం గదిలో."

"ఒక్క పలక ఊడింది."

"ఊడిందా లేదా?"

"సరే, ఊడింది. ఇదిగో, వేసవి కాగితాలొచ్చాయి, పట్టుకెళ్లు. ఈత నేర్పుతారట, ఉచితం."

"ఈతా? ముప్ఫైమంది పిల్లలకి ఒక్క కాపలా మనిషి. వద్దు."

"లైబ్రరీలో చదువుల శిబిరం. మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు."

"ఆ వీధిలో కుక్కలు."

"పోనీ ఇది? సరస్సు దగ్గర వారం రోజులు, గుడారాల్లో..."

"గుడారాలా! పురుగు కుట్టి మొహం గుమ్మడికాయలా వాచిన పిల్ల సంగతి మీకు చెప్పలేదూ?"

"చెప్పావు. మూడుసార్లు. ప్రతిసారీ ఇంకాస్త వాచింది."

"జిల్లా బళ్ల ఆఫీసువాళ్లకేమండీ, నూట ఎనభై బళ్లకీ ఒకే కాగితం అచ్చేసి పంచేస్తారు. పైన ఇంతింత అక్షరాలు, 'కుటుంబాలకు వార్తలు, అవకాశాలు' అని. వార్తలన్నీ మాకు, అవకాశాలన్నీ ఇంకెవరికో."

"ఇస్తుంటే వద్దంటున్నది నువ్వే కదా."

"ఒక్కదానికి ఒప్పుకున్నాను. ఈ సైన్సు బడి ఒక్కదానికి. ఆ అర్జీ నింపడానికి నాకు మూడు రాత్రులు పట్టింది, అయినా నింపాను. ఎందుకు? ఇది అయ్యాక మా వీధి పిల్లలకి మిగిలేది డాల్టన్ వీధి బడి ఒక్కటే. అక్కడ సైన్సు టీచరు వెళ్లిపోయి రెండేళ్లు. ఆ గంటలో పిల్లల్ని కూర్చోబెట్టి సినిమాలు వేస్తున్నారు. మా నైలా ఏమో మా భవనంలో ప్రతి ఇంటి కుళాయి నీళ్లూ సీసాల్లో పట్టి, చీటీలంటించి, ఇందులో విషముందా అందులో విషముందా అని చూస్తుంది. నా ఇంట్లో నేను నీళ్లు తాగాలంటే దాని అనుమతి కావాలి."

"తెలివైన పిల్ల."

"తెలివైందని నాకు తెలుసు. చూడండి మరి."

"ఈ కంప్యూటరు ఇవాళ కాస్త నెమ్మదిగా ఉంది."

"ఇప్పుడే వస్తూ చూశాను, పక్కగదిలో ఆ గుమాస్తా అమ్మాయి తన కంప్యూటర్లో పేకాట ఆడుకుంటోంది. దానికి లేని నెమ్మది మీదానికే వచ్చిందా?"

"షెరెల్, ఒకటి అడుగుతాను. జిల్లా నుంచి ఫోనొస్తే నువ్వే ఎత్తుతావా?"

"అదెందుకిప్పుడు?"

"చెప్పు."

"ఎత్తను. అక్టోబరు నుంచి ఎత్తను. అక్టోబరు సంగతి మీకు తెలుసు."

"తెలుసు."

"'తుపాకీతో వ్యక్తి ప్రవేశించినందున బడి తలుపులు మూసివేయబడినవి, దయచేసి ఎవరూ రావద్దు' అని ఆ యంత్రం గొంతు. రావద్దట! ఏ తల్లి రాకుండా ఉంటుంది? సూపు గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తి, ఈ బడి గేటు దగ్గరే పడిపోయాను. తీరా చూస్తే అది మన బడే కాదు. ఇంకెక్కడిదో, పొరపాటున ఊరందరికీ పోయింది."

"క్షమించమన్నారుగా తర్వాత."

"అన్నారు. అదే గొంతుతో. మంచు సెలవన్నా అదే నంబరు, తుపాకీ అన్నా అదే నంబరు, మంగళవారం పిజ్జా అన్నా అదే నంబరు. అది కనబడితే చాలు, ఫోను నైలాకిచ్చేసి స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పుకుంటాను, వినబడకుండా. అది అంతా విని తలుపు కొడుతుంది. 'ఏం లేదమ్మా, పిజ్జా' అంటుంది. అప్పుడు బయటికొస్తాను."

"పదకొండేళ్ల పిల్ల చేత వినిపిస్తావా?"

"నేనడగలేదు. అదే ఇమ్మంది."

"సోమవారం సాయంత్రం వచ్చిందా ఫోను?"

"వచ్చింది. కళ్ల పరీక్ష గురించట. కళ్లజోళ్లు ఊరికే ఇస్తారట."

"ఎవరన్నారు?"

"నైలా. ఎందుకలా చూస్తున్నారు? మిస్ ఎర్లీన్? కళ్ల పరీక్ష కాదా?"

"కళ్ల పరీక్ష పోయిన నెలలోనే అయిపోయింది తల్లీ."

"అయితే... వచ్చిందా? సీటొచ్చిందా మాకు?"

"వచ్చింది."

"అయ్యో దేవుడా! వచ్చిందా! మా నైలాకే? పేరు సరిగ్గా చూశారా? ఎంతమంది అర్జీలు పెట్టారో..."

"షెరెల్, ఆగు."

"వస్తుందని నేను అనుకోనే లేదండీ, ఒట్టు, ఒక్క నిమిషం కూడా..."

"ఆగు, విను. ఆ ఫోనులోనే జవాబు నొక్కాలి. కావాలంటే ఒకటి, వద్దంటే రెండు."

"అదా! నొక్కలేదు కదూ? గడువు పోయింది కదూ? చెప్పానా, మాకు మంచి జరిగినా అది..."

"నొక్కారు. రెండు నొక్కారు."

"ఎవరు? యంత్రం తప్పు అది. అక్టోబరులో చేసిన యంత్రమే కదా."

"యంత్రం కాదు. మంగళవారం పొద్దున్నే నైలా నా దగ్గరికొచ్చింది. తనే నొక్కానంది. అమ్మకి చెప్పొద్దని బతిమాలింది. శుక్రవారం దాకా ఆగుతాను, ఈలోపు నువ్వే చెప్పు, లేకపోతే నేను చెప్తానన్నాను. ఇంకో పావుగంటలో నీకు ఫోను చేద్దామనుకుంటుంటే నువ్వే వచ్చావు."

"చేస్తే ఎత్తేదాన్నా?"

"ఎత్తవు. అందుకే మీ వంటింటి నంబరు వెతుకుతున్నాను."

"నాలుగు రోజులు! నాలుగు రోజులు నా ఎదురుగా కూర్చుని తింది, నవ్వింది, నా తల దువ్వింది. పిలవండి దాన్ని."

గుమాస్తా అమ్మాయి వెళ్లి నైలాని తరగతిలోంచి తీసుకొచ్చింది.

"అమ్మా? ఏప్రన్ విప్పలేదేంటి? ఏమైంది? తల తిరుగుతోందా?"

"నాకేం కాలేదు. సోమవారం ఫోనులో ఏమన్నారు?"

"చెప్పాగా. కళ్ల..."

"నైలా."

"సీటొచ్చిందన్నారు."

"నువ్వేం నొక్కావు?"

"మిస్ ఎర్లీన్ చెప్పేశారుగా."

"నీ నోటితో చెప్పు."

"రెండు."

"ఎందుకే? నాలుగు నెలలు కలవరించావు కదే ఆ బడి గురించి! నీళ్లు పరీక్షించే గదుంది, తెల్లకోటు ఇస్తారు, పేరు కుట్టిస్తారు అని. నాకే బుర్ర తిరిగిపోయింది వినలేక."

"ఇప్పుడు వద్దు."

"అబద్ధం."

"డాల్టన్ వీధికైతే నడిచి పోవచ్చు. మన కిటికీలోంచి కనబడుతుంది."

"కిటికీలోంచి ఎవరికి కనబడాలి?"

"నీకు."

"నాకేమన్నా నేను..."

"ఈ ఏడాది నుంచి ఆ బడికి పిల్లల్ని తీసుకెళ్లే పసుపు బస్సు లేదమ్మా. మొన్నో ఆదివారం ఫోనులో చెప్పారు, నేను నీకు చెప్పలేదు. ఊరి బస్సుల్లోనే పోవాలి. రెండు మారాలి. తరగతిని మ్యూజియంకి తీసుకెళ్లిన రోజు మా బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైతేనే నువ్వు మేజోళ్లతో రోడ్డు మధ్యకొచ్చి నిలబడ్డావు. పోలీసులకి మూడుసార్లు ఫోను చేశావు."

"నాలుగు."

"చూడు మరి. అక్టోబరులో నీ పక్కన ఆంబులెన్సులో కూర్చుంది నేనే."

"అది గుండె కాదన్నారుగా. ఉత్త భయమే అన్నారు."

"ఆ ఉత్త భయానికే పెదాలు నీలం రంగయిపోయాయి. రోజూ అయితే? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అయితే? నేనక్కడ తెల్లకోటేసుకుని కూర్చుని, అమ్మ ఊపిరి పీలుస్తోందో లేదో అనుకుంటూ ఉండాలా?"

"నువ్వు నాకు తల్లివా, నేను నీకు తల్లినా?"

"అరవకమ్మా. కూర్చో."

"ఇద్దరూ నా మాట వినండి. ఇప్పుడు టైము మూడుంపావు. నాలుగింటి దాకా గడువుంది. ఈ కాగితం మీద తల్లి సంతకం పడితే ఆ రెండు తీసేసి ఒకటి పెడతారు. కారణం నేనే రాసి ఉంచాను, 'తల్లికి తెలియకుండా పిల్ల నొక్కినది' అని. పిల్ల చేసింది చెల్లదు, తల్లి చేసిందే చెల్లుతుంది. ఇదిగో కలం."

"ఇవ్వండి. ఎక్కడ? ఇక్కడేనా?"

"అక్కడే."

"చేస్తున్నాను. చూడు నైలా, నా వంక చూడు, చేసేస్తున్నాను. ఊఁ... రెండో బస్సు ఎక్కడ మారాలండీ?"

"రైలు వంతెన దగ్గర."

"వంతెన మీదా, కిందా?"

"కింద. నిలబడటానికి చోటుంది తల్లీ, చుట్టూ అద్దాలు."

"అద్దాలా."

"సంతకం చెయ్యి."

"చేస్తున్నానండీ. డిసెంబరులో బడి ఎన్నింటికి వదుల్తారు?"

"నాలుగున్నరకి."

"చీకటి."

"చీకటి కాదు, మసక."

"సరే, మసక. అక్కడ దిగగానే ఫోను చేస్తుంది నాకు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఒకసారి చేస్తుంది. బయల్దేరే ముందు ఒకసారి. మూడుసార్లు గొంతు వింటే చాలు. అంతకంటే ఏమీ అడగను."

"అమ్మా, అక్కడ ఫోన్లు ఉంచరు."

"ఉంచరంటే?"

"పొద్దున గేటు దగ్గరే తీసుకుని, సంచిలో పెట్టి తాళం వేస్తారు. వెళ్లేటప్పుడే ఇస్తారు."

"మరి మధ్యలో ఏమన్నా అయితే? మిస్ ఎర్లీన్, మధ్యలో అయితే?"

"ఏమన్నా అయితే జిల్లావాళ్లే నీకు ఫోను చేస్తారు."

"ఆ నంబరు నుంచా?"

"ఆ నంబరు నుంచే."

"అమ్మా, కలం కింద పెట్టు. ఒక్క గీత కూడా పడలేదు."

"ఈ కలంలో సిరా లేదు, అంతే."

"నిజంగా నాకేం బాధ లేదమ్మా. డాల్టన్ వీధికి మా తరగతి వాళ్లంతా వస్తున్నారు."

"అక్కడ సినిమాలు వేసి కూర్చోబెడతారు."

"కొన్ని బాగుంటాయట."

"షెరెల్, ఇటు చూడు. నేను ఎంతమంది తల్లుల్ని చూశాను! మొదటి నెల ఏడుస్తావు. రెండో నెల గడియారం చూస్తావు. తర్వాత అలవాటైపోతుంది."

"మీ పిల్లలు బస్సుల్లో పోయారా?"

"పోయారు. ముగ్గురూ."

"ముగ్గురూ తిరిగొచ్చారా రోజూ?"

"వచ్చారు."

"చెప్పడానికి ఆగారెందుకు?"

"ఆగలేదు."

"ఆగారు."

"నువ్వు వెతుక్కుంటే ప్రతి మాటలోనూ ఆగినట్టే ఉంటుంది తల్లీ."

"నిజమే. వెతుక్కుంటాను. అదే నా బతుకు. నైలా, వెళ్లి కోటు తెచ్చుకో."

"మరి కాగితం?"

"కోటు తెచ్చుకోమన్నానా? గుండీలన్నీ పెట్టుకో, పైదాకా. మెట్ల మీద పరుగెత్తకు."

"సరేలే అమ్మా."

"వెళ్లిందా?"

"వెళ్లింది. ఇంకా అరగంట పైనే ఉంది షెరెల్. అలా బయట ఒక చుట్టు తిరిగిరా. కాఫీ తాగు. నేనెక్కడికీ పోను."

"తిరిగొచ్చేదీ నేనేగా, భయం లేని ఇంకొకరు రారు కదా. మీరు ఆ కాగితంలో కారణం అని ఏదో రాశారే, పిల్ల నొక్కిందని."

"రాశాను."

"అది కొట్టేయండి."

"కొట్టేస్తే ఈ కాగితం చెల్లదు. సీటు ఇవాళే వెనకవాళ్లకి పోతుంది. తెలుసా నీకు?"

"తెలుసండీ. అది పెద్దదయ్యాక ఎప్పుడో ఒకనాడు కూర్చుని తలుచుకుంటుంది, నా సీటు నేనే పోగొట్టుకున్నానని. ఆ మాట దాని నెత్తిన ఉండకూడదు. 'తల్లి వద్దన్నది' అని రాయండి, దానికింద పెడతాను సంతకం."